గోలీల మిషన్ సర్పంచి

హైదరాబాద్ రోడ్డు మీద, చిట్యాలకు ఇవతల, నర్సింగమ్మ చాయ్ హోటల్. పొద్దున పూట. ఊరి సర్పంచి ఎన్నికలో పటేల్‌కూ మైసయ్యకూ సరిసమానంగా ఓట్లు పడ్డాయి. ఆ ముడి విప్పే పని దేవుడికీ పడలేదు, సర్కారుకూ పడలేదు. హోటల్ మూలనున్న గోలీల మిషన్‌కు పడింది. నల్గొండలో రేడియోలు బాగుచేసే యాదయ్య దాని పొట్ట విప్పి తల లోపల పెట్టాడు. నర్సింగమ్మ ఆ తల మీదే నిలబడి ఉంది.

"...గందుకే అంటున్న, జర పక్కకు జరుగక్కా. నీ నీడ పడ్తాంది."

"నీడ కాదు, ఇంకింత సేపైతే నేనే పడ్త నీ మీద. పొద్దటి సంది పొట్టల చెయ్యి పెట్టి కూసున్నవు. మంత్రసాని గూడ గింత సేపు చెయ్యదు."

"మంత్రసానికి బిడ్డ ఒక్క తొవ్వలనే వస్తది. దీంట్ల ఎన్ని వైర్లున్నయో సూసినవా?"

"నాకు వైర్లు చెప్పకు. రోగం చెప్పు."

"రోగం నువ్వు చెప్పాలె, మందు నేనియ్యాలె. ఏమైతాందో మల్లొకసారి చెప్పు. మెల్లగ."

"పిడి గుంజి ఇడుస్తం. ఇనుప గోలీ పైకి పోయి, కిందమీద కొట్టుకుంట వస్తది. గుబ్బలకు తాకితే గంట మోగుతది, లెక్క పడ్తది. కిందికి జారితే మీట నొక్కి రెక్కలతోటి మల్ల పైకి కొడ్తం."

"గది నడుస్తాంది. సూసిన."

"బోనస్ దీపాలు గూడ ఎలుగుతయి. ఒకదానెన్క ఒకటి, నిచ్చెన ఎక్కినట్టు."

"మంచిది. ఎక్కుడు బాగనే ఉన్నది."

"గోలీ కింద బొందల పడ్డంక గా దీపాలు ఒక్కొక్కటి ఆరుకుంట దిగాలె. దిగినకొద్ది లెక్క పెరగాలె. గదే కద బోనస్ అంటే? గవి దిగుతలేవు. ఎక్కి, ఆడ్నే కూసుంటున్నయి."

"ఎక్కినోడు దిగకపోవుడు... గిది మిషనా, మీ పటేలా?"

"నవ్వకు. గా పటేల్ దిగకనే గీ తిప్పలంత వచ్చింది."

"నల్గొండ బస్సుల గూడ గదే ముచ్చటక్కా. నేను నమ్మలే. నిజంగనే గోలీ ఆడి సర్పంచిని తేలుస్తున్నరా?"

"ఓట్లు సమానమైనయి, ఏం జేస్తరు మరి? ఆఫీసరేమో చీటీ తీద్దామన్నడు. చీటీలు నేనే రాస్తనన్నడు పటేల్. మైసయ్య దిక్కోళ్లు వద్దన్నరు. పటేల్ ఇంట్ల పుట్టిన చీటీకి పటేల్ పేరు కాక ఇంకేం పేరు పెడ్తరు?"

"గదీ నిజమే."

"నేనే అన్న, నా మిషన్ ఉన్నది గదా, దానికి కులం లేదు, చుట్టం లేదు, కల్లు తాగదు అని. ఆఫీసర్ సారు బస్సు కోసం కూసున్నప్పుడల్ల దీంట్ల పైసలేసెటోడే. చీటీ అన్న నసీబే, గోలీ అన్న నసీబే, ఇద్దరు ఒప్పుకుంటే నాకేందన్నడు. ఒక్కొక్కలకు ఒక్కటే గోలీ."

"ఓటు లెక్కనే."

"ఓటు లెక్కనే. ఇగ నువ్వు జల్ది చెయ్యి. దిగని బోనస్ తోటి సర్పంచిని తేల్చిన్నంటే రేపు నా హోటల్ మీద రాళ్లు పడ్తయి."

"గా పోస్టు కార్డు ముక్క ఇటియ్యి."

"ఎవనికి రాస్తవు?"

"ఎవనికి రాయ. గీ రెండు రేకులు ఒకదానికొకటి తాకితేనే కరెంటు పోతది. నడుమ మసి పట్టిందేమో. కార్డు ముక్క పెట్టి రాస్తే పోతది... ఊఁ. మసి గూడ లేదు. సాఫుగుంది."

"మరి?"

"ఆగు. గీ కాయిల్ మీద ఏలు పెడ్త, నువ్వు గా మీట నొక్కు. నొక్కు. మల్ల నొక్కు... గుంజుతాంది. కాయిల్ బతికే ఉన్నది. కరెంటు వస్తాంది. మరి చక్రమెందుకు కదుల్తలేదు?"

"నన్నడుగుతవేంది?"

"నిన్ను కాదు, చక్రాన్ని అడుగుతున్న. ఇగో సూడక్కా. గిది బోనస్ చక్రం. ఎక్కుడు కాయిల్ దీన్ని ఒక పన్ను ముంగటికి నూకుతది. దిగుడు కాయిల్ ఒక పన్ను ఎన్కకు గుంజుతది. ఎద్దు బాగనే ఉన్నది, కాడి బాగనే ఉన్నది, బండే బురదల కూరుకున్నది. ఏలుకు అంటుకుంటాంది. జిడ్డు... అక్కా."

"ఏంది?"

"గీ వాసన ఏంది?"

"ఏ వాసన?"

"ముక్కు దగ్గర పెట్టి సూడు."

"నాకు జలుబు."

"ఇప్పుడే కదా చాయ్ పత్తి వాసన సూసి, మంచిగ లేదని దుకాణపోన్ని ఏడు తరాలు తిట్టినవు?"

"అప్పుడు లేదు. ఇప్పుడొచ్చింది."

"అక్కా."

"...ఆముదం."

"ఎవలు పోసిండ్రు?"

"ఎవలు పోస్తరు? కిర్రుకిర్రుమంటాంటే పాణం ఒప్పలే. బండి ఇరుసుకు పొయ్యమా? సంటిపిల్ల మాడుకు పెట్టమా? మన చేన్ల ఆముదాలు, గానుగల పట్టిచ్చిన సక్కటి నూనె. దేనికి పోసినా మేలే చేస్తది."

"ఎంత పోసినవు?"

"జరంత."

"అక్కా!"

"గిన్నెడు. అరవకు. గిన్నె చిన్నదే."

"సికింద్రాబాద్ మిల్ట్రీ క్లబ్బుల దొరలు ఆడిన మిషన్. మీ ఆయన లారీ మీద ఏసుకొని తెచ్చిండు. సముద్రం దాటి వచ్చిన మిషన్ నీ ఆముదం గిన్నె దాటలేకపోయింది. ఎండి బంకైంది, సూడు."

"దొరలు ఆడినప్పుడు గూడ కిర్రుమన్నదేమో. వాళ్లకు ఆముదం దొరకలే, గంతే."

"సరే, మిషన్ సల్లారే ఉన్నది. ఇద్దరం చెరొక గోలీ ఆడి సూద్దాం. ముందు నువ్వు."

"ఇగో, గుంజిన... కొట్టు, కొట్టు... ఎక్కినయి దీపాలు! సగం దాక ఎక్కినయి. పాయె. బొందల పడ్డది."

"దీపాలు దిగినయా?"

"లేదు. నా బోనస్ నాకు రాలే."

"ఇగ నాది... నాకు రెండు దీపాలే ఎక్కినయి. పడ్డది. ఆఁ, సూడు, సూడు! దిగుతున్నయి!"

"దిగుతున్నయిరో! అన్ని దిగుతున్నయి!"

"నీయి, నాయి, అన్ని. లెక్కంత నాకే పడ్డది."

"అంటే నా రెక్కల కష్టం నీ కడుపుల పడ్డదా?"

"గదే రోగం. మొదటోడు ఆడేటప్పుడు కాయిల్ సల్లగుంటది, బంక గట్టిగుంటది, చక్రం ఎన్కకు రాదు. రెండోడు ఆడేవరకు కాయిల్ వేడెక్కుతది, బంక సాగుతది, చక్రం ఇడుస్తది. మొదటోని బోనస్ రెండోనికి పోతది. తెలిసింది గద? ఇగ గ్యాస్‌నూనె ఇయ్యి, జిడ్డు కడిగి పడేస్త."

"గ్యాస్‌నూనె లేదు."

"గా డబ్బల ఏమున్నది?"

"నీళ్లు."

"గా నీళ్లు పోసే కద పొద్దుగాల స్టవ్ ముట్టిచ్చినవు?"

"యాదయ్యా, చాయ్ తాగు."

"వద్దక్కా."

"అల్లమేసిన. తాగు. ఒక మాట చెప్పు. మొదట ఆడినోడు ఓడుతడు, రెండోసారి ఆడినోడు గెలుస్తడు. గంతేనా?"

"గంతే. గందుకే కడగాలె అంటున్న."

"మా పటేల్ ఏదైన రెండోసారి చేసుడు నువ్వెప్పుడన్న సూసినవా?"

"అంటే?"

"జాతరల మొదటి యాట ఆయనది. పెండ్లిల మొదటి విస్తరి ఆయనది. బస్సొస్తే ఆయన ఎక్కందే డ్రైవర్ గూడ ఎక్కడు. చావుకు తప్ప దేనికన్న ముందే ఉంటడు. మధ్యానం గిట్ల వచ్చి గిట్ల పిడి పట్టుకుంటడు సూడు. ఆయన బోనస్ మైసయ్యకు పోతది."

"నన్ను పంచాయతిల ఇరికియ్యకక్కా. నేను మిషన్ బాగుచెయ్యనీకె వచ్చిన, ఎలక్షన్ కాదు."

"నువ్వేం చెయ్యకు. చెయ్యకుంటే సాలు."

"నా చేతిల పడ్డ మిషన్ తప్పుడు లెక్క చెప్తే నా పేరేం గావాలె?"

"ఆడ గ్లాసులు కడుగుతున్న పిల్ల కనవడ్తాందా? ఈదమ్మ. మైసయ్య పెండ్లాం."

"సూసిన."

"ఊర్లె తాగే నీళ్ల బాయి ఒక్కటే. సర్కారు తవ్విచ్చింది, పటేల్ ఇంటి ముంగట. మైసయ్య వాడోళ్లు బొక్కెన ముట్టద్దంటడు. ముడితే మైల. ఎవలన్న జాలిపడి చేదిపోస్తే బిందె నిండుతది, లేకుంటే లేదు. గందుకే ఆ పిల్ల దూరం బండల గుంటకు పోయి మోస్తది. పోయిన ఎండకాలం కడుపుతోటి ఉండి గా గుంటల జారి పడ్డది. బిడ్డ దక్కలే. పడ్డనాడు గూడ నీళ్ల బిందె ఇడువలే యాదయ్యా. బిందె పట్టుకొనే పడ్డది. మరునాడు నా హోటల్‌కొచ్చి గ్లాసులు కడిగింది. నాకు కడుపు మండుతది. ఆ పిల్ల మోసుకొచ్చిన నీళ్లే కాసి నేను చాయ్ అమ్ముకుంటున్న. మైసయ్య సర్పంచి అయితే మొట్టమొదటి పని బాయి అందరిదని చాటింపు ఏపిచ్చుడే. గందుకే నిలబడ్డడు, గద్దె మీద మోజుతోటి కాదు."

"...మరి గా డబ్బ."

"ఏ డబ్బ?"

"గా నీళ్ల డబ్బ. మూత గట్టిగ పెట్టు. నాకు వాసన తగిల్తే కడగాలనిపిస్తది."

"బాంచెన్ తమ్మీ!"

"బాంచెన్ గీంచెన్ వద్దు. స్విచ్చి బంద్ చేస్తున్న. మధ్యానం దాక సల్లారాలె. నన్నెవలన్న అడిగితే మాత్రం చాయ్ తాగనీకె వచ్చిన్నంటా."

మధ్యాహ్నం. ఊరంతా హోటల్ ముందే ఉంది. కల్లు తాగాల్సినవాళ్లు కూడా చాయ్ తాగుతున్నారు. ఆఫీసర్ బెంచీ మీద, మైసయ్య మిషన్‌కు నాలుగు అడుగుల ఎడంగా, ఈదమ్మ గ్లాసుల తొట్టి దగ్గర. పటేల్ వచ్చాడు.

"రాండ్రి పటేలా, రాండ్రి. మీ కోసమే తుడిసి పెట్టిన. పట్టుండ్రి పిడి."

"ఆగవే నర్సింగీ. గంత తొందరేంది? ముందు మైసయ్యను ఆడనియ్యి."

"...ఎవలను?"

"మైసయ్యను."

"ఓట్లు లెక్కపెట్టే దాక మైసిగాడే కద పటేలా! 'అయ్య' ఎప్పుడు తగిలిచ్చిండ్రు?"

"కాలం మారింది. డెమోక్రసీ అంటే చిన్నోళ్లను ముందు పెట్టాలె, పెద్దోళ్లు ఎన్కుండాలె. ఏమంటరు ఆఫీసర్ సాబ్? సూసినవా, తల ఊపుతాండు."

"మంచిది పటేలా. ఒక్క నిమిషం, మిషన్ స్విచ్చి ఎయ్యాలె. యాదయ్యా, ఇటు రా జర... గీనికెట్ల ఎరుకైంది?"

"నేను చెప్పలేదక్కా! నా పిల్లల మీద ఒట్టు."

"మెల్లగ మాట్లాడు. మరెవలు చెప్పిండ్రు?"

"ఆయన జీతగాడు ఈడికి రాడా?"

"వాడు రాని దినం లేదు. పొద్దు మాపు ఈడ్నే... ఓరి వాని జిమ్మడ! ఎప్పుడు సూడు, ఎవలన్న ఆడినంకనే ఆడ్తడు. నేను మర్యాదస్తుడు అనుకున్న."

"ఇగ ఏం చేద్దాం? పొట్ట ఇప్పి కడిగేస్తనని చెప్పన్నా?"

"ఇప్పుడు ఇప్పితే మనమే మోసం చేసినమంటరు. ఆగు. నన్ను ఆలోచించనియ్యి."

"ఏమే నర్సింగీ, గుసగుసలేంది?"

"ఏం లేదు పటేలా. మీ గురించే ఫికర్ పడ్తున్న."

"నా గురించా?"

"మైసయ్య పట్టిన పిడి మీరు పడ్తరా? చెమట చేతులు పటేలా. పొద్దటి సంది చేన్ల గొర్రు తోలి వచ్చిండు. గా చేతులతోటి పిడి గుంజుతడు, గీ రెక్కల మీటలు నొక్కుతడు. మల్ల అవే మీరు పట్టుకోవాలె. నాకు మీ మడి గురించే బాధ."

"కడుగు. పసుపు నీళ్లు తెచ్చి కడుగు."

"ఏం యాదయ్యా, కడగొచ్చునా?"

"కరెంటు మిషన్ పటేలా. నీళ్లు తాకితే షాక్ కొడ్తది. కొడ్తే నేను జిమ్మేదార్ కాను."

"అయితే తువ్వాల కప్పి పట్టుకుంట."

"తువ్వాల జారుతది పటేలా. గోలీ సగం దాక పోయి ఎన్కకొస్తది. ఉన్నది ఒక్కటే గోలీ, మీ ఇష్టం."

"ఇగ గిదంత ఎందుకు, నా తరఫున మా జీతగాడు ఆడ్తడు."

"ఆఫీసర్ సారూ, జీతగాడు ఆడొచ్చునా? సూడుండ్రి పటేలా, వద్దంటాండు. వాడు ఆడి గెలిస్తే వాడే సర్పంచి అయితడు. మీరు వాని చేను దున్నాలె."

"నోరు ముయ్యి."

"మూసుకున్న. గందుకే అంటున్న, మీరే ముందు ఆడుండ్రి. మీ ఎన్క మైసయ్య పట్టుకుంటడు. మీ చెయ్యి తాకిన పిడి పట్టనీకె ఆయనకేం అభ్యంతరం లేదు. లేదు కద మైసయ్యా? లేదంటాండు."

"నేను... ముందు ఆడ."

"ఎందుకు పటేలా? ఏ దాంట్లనైన మీరే కద ముందు!"

"ఆడనంటే ఆడ. అసలు... అసలు ఇనుముకు మైల ఏడిది?"

"ఏమన్నరు?"

"ఇనుముకు మైల అంటదు. మట్టికి అంటది, కట్టెకు అంటది. ఇనుముకు అంటదు. శాస్త్రంల ఉన్నది."

"ఏ శాస్త్రం పటేలా?"

"ఉన్నదంటే ఉన్నది!"

"ఎన్కున్నోళ్లకు ఇనవడలేదట. జర జోరుగ చెప్పుండ్రి, రేపు ఎవడన్న పటేల్ మడి పోయిందని కూస్తే మేం జవాబు చెప్పాలె."

"ఇనుముకు మైల అంటదు! ఎవలు ముట్టినా అంటదు! ఇనవడ్డదా అందరికి?"

"ఇనవడ్డది పటేలా. ఆఫీసర్ సారూ, ఇనవడ్డదా? సరే. ఇగ మైసయ్యా, కానియ్యి."

"...అక్కా, నేను సూడలేను. నువ్వే సూసి చెప్పు."

"సూడు యాదయ్యా, సూడు! అబ్బ, ఏం గుంజిండు! గోలీ నెత్తి దాక పోయింది. గంట, మల్ల గంట. రెక్క కొట్టిండు, మల్ల పైకి పంపిండు. దీపాలు ఎక్కుతున్నయి, సూడు, సగం దాటినయి."

"ఎక్కకుంటే మంచిగుండు. ఎక్కినయన్ని పటేల్ పొట్టలకే."

"నిచ్చెన నిండింది! మీదికెల్లి కిందికి అన్ని దీపాలు! జనం సూడు, చాయ్ గ్లాసులు ఇడిసిపెట్టి అరుస్తాండ్రు. ఈదమ్మ గూడ లేసి నిలబడ్డది."

"పడ్డదా?"

"...పడ్డది."

"దిగినయా?"

"దిగలే."

"అయ్యో పాపం మైసయ్యా! నీ బోనస్ దిగలేదేందిరా? నసీబు బాగలేదు నీది. జరుగు, జరుగు, ఇగ నేను."

"పట్టిండు యాదయ్యా! పట్టిండు. మైసయ్య చెమట ఆరకముందే పట్టిండు, రెండు చేతులతోటి."

"పడితేంది? గెలుస్తడు."

"గుంజిండు... ఓయమ్మ. గదేం గుంజుడు, మజ్జిగ చిలికినట్టు? ఒక్క గుబ్బకు తాకింది. సక్కగ వచ్చి బొందల పడ్డది."

"దిగుతున్నయక్కా. దీపాలు దిగుతున్నయి. అన్ని."

"దిగుతున్నయి."

"లెక్క సూడు, తిరుగుతాంది, తిరుగుతాంది... మైసయ్యది దాటింది. అయిపోయింది. నేను పొద్దుగాల గా డబ్బ మూత తీసి ఉంటే గిట్ల కాకపోవు. అక్కా, నా తప్పే. మైసయ్య మొఖం నేను సూడలేను."

"గెల్సిన! సూసిండ్రా? సర్పంచిని నేనే! అరేయ్, డప్పులోళ్లను పిలువుండ్రి!"

"గెల్సిండ్రు పటేలా. కాని మీ గోలీ తాకింది ఒక్క గుబ్బకు. గీ లెక్కంత మైసయ్య కొట్టింది. మైసయ్య ఎంగిలి తిని సర్పంచి అయిండ్రు."

"ఎవని ఎంగిలైతేంది? కడుపు నిండిందా లేదా? రాసుకో ఆఫీసర్ సాబ్, నా పేరు రాసుకో."

"రాసుకోండ్రి సారూ. సర్పంచి పటేలే. మేం ఒప్పుకున్నం. ఏం మైసయ్యా, ఒప్పుకున్నవు కద?"

"అక్కా, గదేంది! గట్లెట్ల ఒప్పుకుంటవు? బాయి పాయె కద! ఈదమ్మ మల్ల గా గుంటకే..."

"ఏడువకు యాదయ్యా. సర్పంచి పటేల్ ఇందాక చెప్పిన శాస్త్రం ఊరంత ఇన్నది, సర్కారు గూడ బెంచీ మీద కూసొని ఇన్నది."

"ఏం శాస్త్రమే నర్సింగీ? ఏం కూస్తున్నవు?"

"ఏం లేదు పటేలా, మీరు డప్పులు కొట్టిచ్చుకోండ్రి. ఈదమ్మా! గా గ్లాసులు ఇడిసిపెట్టి బిందె తీస్కో, బాయి కాడికి నడువు. బొక్కెన ఇనుపదే."